ఐదు చాబీలు

జుమ్మా నమాజు అయిపోయి మస్జిద్ మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఛోటీ. మా చెల్లెలు. టీచర్. జుమ్మా నాడు వాళ్ల స్కూలు మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఆ టైముకు ఇంటికి చేరి వంట మీద ఉంటుంది గానీ నాకు ఫోన్ చేయదు.

“భాయ్, ఇంట్లోకి ఎవరో వచ్చి పోయిన్రు.”

“దొంగలా? ఏం పోయింది?”

“ఏం పోలే. సింకులో చాయ్ కప్పు ఉన్నది. పొద్దున అన్నీ కడిగి బోర్లించి పోయిన నేను. చక్కెర డబ్బా మూత తీసి ఉన్నది.”

ఎవరో అన్నది గానీ, అది ఎవరో తనకూ తెలుసు, నాకూ తెలుసు. చక్కెర డబ్బా మూత పెట్టని మనిషి మా ఖాందాన్‌లో ఒక్కరే ఉండేవారు. ఎనిమిది నెలల కింద ఖులా అయింది. ఇద్దత్ గడిచింది. ఇప్పుడాయన మా ఖాందాన్‌లో లేరు. ఇంటి చాబీ మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఖులా నాడు ఖాజీ సాబ్ ముందు కూచుని అన్నీ తేల్చుకున్నాం. మెహర్ సంగతి, గుడియా ఎవరి దగ్గర ఉండాలి, ఆదివారం ఎన్ని గంటలు అబ్బాతో గడపాలి, బీరువా, ఫ్రిజ్, కుట్టు మిషను. లిస్టు రాసింది నేనే. పేపర్లో పనిచేసేవాణ్ణి, ఏదీ మరిచిపోనని అందరికీ భరోసా. ఆ లిస్టులో మిక్సీ జార్ మూత కూడా ఉంది. చాబీ లేదు.

ఫ్లాట్ ఛోటీ పేరు మీదే ఉంది. అబ్బా పోయాక తనకు వచ్చిన విరాసత్ హిస్సా కొంత, మిగతాది తన జీతం మీద బ్యాంకు లోను. ఆయన బట్టలూ పుస్తకాలూ తీసుకుని వేరే ఇంటికి మారిపోయి చాలా రోజులైంది. అంటే ఆ ఇంట్లో ఆయనకు మిగిలిన పని ఏమీ లేదు. అయినా వచ్చారు. చాయ్ చేసుకున్నారు. సోఫాలో కూచున్నారు. వెళ్లారు. ఏమీ ముట్టుకోలేదు. ఛోటీ గొంతులో వణుకు అందుకే. ఏదన్నా పోతే పోలీసులకు చెప్పొచ్చు. ఒక కప్పు గురించి ఎవరికి చెప్పాలి?

నేను వెళ్లేసరికి అమ్మీ కూడా వచ్చి కూచుంది. “ఫోన్ చేసి చాబీ ఇచ్చెయ్యమని అడుగుతా” అన్నాను.

“ఇస్తడు భాయ్. ఒకటి ఇస్తడు. ఎన్ని చేయించి పెట్టుకున్నడో మనకెట్ల తెలుస్తది?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వాపసు వచ్చిన చాబీ వల్ల తేలేది ఒక్కటే, ఒక లోహం ముక్క వాపసు వచ్చిందని. మారుతాళాలు ఎన్ని ఉన్నాయో అది చెప్పదు. అడగాల్సింది చాబీని కాదు, మార్చాల్సింది తాళాన్ని.

అమ్మీ ఒప్పుకోలేదు. “గుడియాకు అబ్బానే కదా ఆయన. తాళం మార్చిన్రంటే లోగాఁ క్యా బోల్తే?”

“అమ్మీ, నేను గుడియాని దాచిపెడతలేను. తలుపు నాది అంటున్న, అంతే.”

అమ్మీ తస్బీ తిప్పుతూ ఖామోష్ అయిపోయింది.

గల్లీ మలుపులో వేపచెట్టు కింద గొడుగు పెట్టుకుని కూచునే చాబీ భాయ్‌ని పిలుస్తానన్నాను. ఛోటీ వద్దంది. ఆయన మంచివాడే. కాకపోతే ఈ గల్లీలో అందరి చాబీలూ ఆయన చేతిమీదుగానే పుడతాయి, అందరి ఖబర్లూ ఆయన గొడుగు కిందే కలుస్తాయి. “అసర్ లోపల తాళం మారుతది, మగ్రిబ్ లోపల గల్లీ మొత్తానికి తెలుస్తది. నక్కో భాయ్. మనమే చేద్దాం.”

మనమే అంటే నేనే అనుకున్నాను. తాళం గురించి నాకు తెలిసింది మాటలే. ఇంట్లో మేం ఖులుఫ్ అంటాం. ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ సాబ్ చెవి మెలిపెట్టి అది ఖుఫ్ల్ అని దిద్దించారు. డిగ్రీలో తెలుగు సారు బీగము అన్నారు. మూడు మాటలూ వచ్చు. లోపల ఏముంటుందో ఒక్క భాషలోనూ తెలీదు.

ఆ సాయంత్రం కూచుని తెలుసుకున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి మూడు రకాలు. ఒకటి, గొళ్లేనికి వేసే తాళం కప్ప. దాని చాబీ పరాయి చేతిలో పడితే కప్పనే మార్చేయడం నయం. రెండోది నైట్ ల్యాచ్, తలుపు లోపలి వైపు పెట్టెలా బిగించి ఉంటుంది. మూడోది మార్టిస్ లాక్, తలుపు మందంలోకి దూర్చి పెట్టింది. బయటికి హ్యాండిలూ, దాని కింద చాబీ రంధ్రమూ మాత్రమే కనిపిస్తాయి. అపార్ట్‌మెంట్ల మెయిన్ డోర్లకు ఇప్పుడు ఇదే ఎక్కువ. ఛోటీ ఇంటిదీ ఇదే.

ఈ మూడో రకంలో తాళమంతా పీకాల్సిన పనిలేదు. చాబీ దూరే ముక్క ఒకటి ఉంటుంది. సిలిండర్ అంటారు. ఇత్తడిది, మన బొటనవేలికంటే కాస్త పెద్దది. అది ఒక్కటి తీసి కొత్తది పెడితే చాలు. హ్యాండిల్ అదే, బోల్టు అదే, తలుపు అదే. పాత చాబీలు మాత్రం, ఎన్ని ఉన్నా, ఎవరి దగ్గర ఉన్నా, పనికిరావు.

నేను చేసిన గల్తీ ముందు చెప్తాను. అన్ని తలుపులూ ఒకటే అనుకుని శుక్రవారం సాయంత్రమే ట్రూప్ బజార్‌కు పరుగెత్తి 60 మిల్లీమీటర్లది కొనుక్కొచ్చాను. సిలిండర్ పొడవును మధ్యలో ఉండే స్క్రూ రంధ్రం నుంచి రెండు కొనలకూ కొలుస్తారు. 60 అంటే అటు 30, ఇటు 30. ఛోటీ తలుపు మందానికి అటు 35, ఇటు 35, మొత్తం 70 కావాలి. తెచ్చింది లోపలికి పోయి దాక్కుంది. బయట హ్యాండిల్ ప్లేటు కంటే ఎక్కువ పొడుచుకొచ్చినా ముప్పే. రెండు మూడు మిల్లీమీటర్లు మించి బయటికి ఉంటే పానాతో పట్టి విరిచేయడానికి దొంగకు పట్టు దొరుకుతుంది. అందుకే పాతది తీసి చేతిలో పట్టుకుని వెళ్లడం మేలు. ఆ గంట రెండు గంటలు ఇంట్లో ఎవరో ఒకరు లోపలి గడియ వేసుకుని ఉండాలి.

ఆ రాత్రి గడియ వేసుకుని నేను అక్కడే హాల్లో పడుకున్నాను. శనివారం పొద్దున మళ్లీ ట్రూప్ బజార్. ఈసారి దుకాణదారు పాత సిలిండర్ చూసి, కొలిచి, ఇంకో సలహా ఇచ్చాడు. రెండు వైపులా చాబీ ఉండేది వద్దు సాబ్, లోపలి వైపు తిప్పే నాబ్ ఉన్నది తీసుకోండి అన్నాడు. రాత్రిపూట పొగో మంటో వస్తే లోపలివాళ్లు చాబీ వెతుక్కోకుండా తలుపు తీసుకోగలగాలి. ఇంకోటి, రెండు వైపులా చాబీ ఉండే కొన్ని రకాల్లో లోపల చాబీ వదిలేస్తే బయటినుంచి తెరుచుకోదు. పిల్లలున్న ఇంట్లో అది ఎంత మొసీబత్తో ఊహించుకోండి.

శనివారం అసర్ తర్వాత పని మొదలుపెట్టాం. తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా పీట అడ్డం పెట్టాం. పనంతా తలుపు తెరిచి ఉండగానే చేయాలి. సగం పనిలో తలుపు మూసుకుంటే చాబీ భాయ్‌ని పిలవక తప్పదు.

తలుపు అంచున, బోల్టు బయటికొచ్చే పట్టీ మీద, చాబీ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక పొడుగు స్క్రూ ఉంటుంది. సిలిండర్‌ను పట్టి ఉంచేది అదొక్కటే. అది పూర్తిగా తీసేయాలి. తర్వాత చాబీ పెట్టి కొంచెం, గడియారంలో అయిదు నిమిషాల లోపు, పక్కకు తిప్పాలి. సిలిండర్ మధ్యలో ఒక చిన్న నాలుక ఉంటుంది. చాబీ నిటారుగా ఉంటే ఆ నాలుక పక్కకు పొడుచుకొచ్చి అడ్డుపడుతుంది. కొంచెం తిప్పితే సిలిండర్ వంట్లో ఒదిగిపోతుంది. అప్పుడు చాబీ పట్టుకుని మెల్లగా లాగితే మొత్తం బయటికొస్తుంది.

శుక్రవారం నాకు ఈ నాలుక సంగతి అర్థం కాక అరగంట గుంజాను. శనివారం స్క్రూ డ్రైవర్ అందుకోబోతే ఛోటీ నా చేతిలోంచి తీసుకుంది. “నేను చేస్త. రేపు మళ్ల మార్చాల్సి వస్తే నిన్నే పిలవాల్నా?” కొత్తది దూర్చింది, నాలుక ఒదిగేటట్టు నాబ్ తిప్పింది, స్క్రూ బిగించింది. తలుపు తెరిచి ఉండగానే బయటినుంచి చాబీతో పదిసార్లు, లోపలినుంచి నాబ్‌తో పదిసార్లు తిప్పి చూసింది. బోల్టు సాఫీగా వచ్చింది, పోయింది. తర్వాతే నేను లోపల, తను బయట ఉండి తలుపు మూసి చూశాం. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

అమ్మీ కొబ్బరి నూనె సీసా పట్టుకొచ్చింది. అమ్మీ లెక్కలో మొరాయించే ప్రతి దానికీ అదే దవా. తాళంలో నూనె పోయొద్దు. దుమ్ము పట్టి జిగురవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి చాలు, అది గ్రాఫైట్ కదా. గుడియా తన పెన్సిల్ చెక్కి పొడి తెచ్చి ఇచ్చింది. అప్పటిదాకా మూలన నిలబడి చూస్తున్న పిల్లకు అదొక పని దొరికింది.

డబ్బాలో ఐదు చాబీలు వచ్చాయి. ఛోటీ వాటిని దస్తర్‌ఖాన్ మీద వరసగా పెట్టింది. ఒకటి తనకు. ఒకటి గుడియా బడి సంచిలో, లోపలి జేబుకు కుట్టేసి. ఒకటి అమ్మీ చేతిలో పెట్టింది. రెండు మిగిలాయి. నేను చెయ్యి చాపాను. ఆలోచించి చాపింది కాదు. ఎప్పట్నుంచో నా కీ రింగులో ఆ ఇంటి చాబీ ఉంది కాబట్టి చెయ్యి దానంతట అదే పోయింది.

ఛోటీ రెండు చాబీలూ తీసి కవరులో పెట్టి బీరువాలో దాచింది.

“తుమే బీ బెల్ మారో భాయ్.”

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ముఖం వేడెక్కింది. నీ కోసం రెండు రోజుల్నుంచి తిరుగుతున్నా, నన్నూ ఆయన్నీ ఒకటే కట్ట కడతావా అని అడగాలనిపించింది. మగ్రిబ్ అజాన్ వినిపించింది. మస్జిద్‌కని బయటపడ్డాను.

దారిలో లెక్క చూసుకున్నాను. నా దగ్గరున్న పాత చాబీ నాకు ఎవరిచ్చారు? ఆయన. ఫ్లాట్ గృహప్రవేశం దావత్ నాడు, ‘మీ దగ్గర ఒకటి ఉండనీయండి’ అని ఆయన ఇచ్చారు, నేను జేబులో వేసుకున్నాను. ఇల్లు ఛోటీది. లోను ఛోటీది. చాబీ మాత్రం ఇద్దరు మగవాళ్ల మధ్య చేతులు మారింది. ఆమెను అడగాలని ఇద్దరికీ తోచలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు నేను బెల్ కొట్టకుండా ఆ తలుపు తీశాను? ఊరినుంచి అమ్మీ పంపిన పచ్చడి సీసా పెట్టడానికి, డ్యూటీ మధ్యలో కాసేపు నడుం వాల్చడానికి. నేనూ చాయ్ చేసుకుని కప్పు సింకులో పెట్టి పోయిన రోజులున్నాయి. అది హక్ అనుకున్నాను. హిఫాజత్ అని దానికి పేరు పెట్టుకున్నాను.

భర్త ఒప్పుకోకపోయినా ఖులా తీసుకునే పూర్తి హక్కు ముస్లిం భార్యకు ఉందని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పినప్పుడు ఆ వార్తకు హెడ్డింగ్ పెట్టింది నేనే. పెద్దక్షరాల్లో పెట్టాను. ఆ రోజు కూడా ఆ చాబీ నా ప్యాంటు జేబులోనే ఉంది.

నమాజు అయ్యాక సఫ్‌లో కూచుండిపోయాను. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ చెప్పిన కాబా చాబీ వాకియా గుర్తొచ్చింది. హిజ్రీ 8లో, అంటే 630లో, మక్కా ఫతహ్ అయిన రోజు. కాబా చాబీ ఉస్మాన్ బిన్ తల్హా ఖాందాన్ దగ్గర ఉండేది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆ చాబీ తెప్పించుకుని తలుపు తీయించారు. ఆ రోజు ఊరంతా ఆయన చేతిలో ఉంది. చాబీ మాకివ్వండని సొంతవాళ్లే అడిగారు. ఆయన ఉస్మాన్ బిన్ తల్హాను పిలిచి చాబీ ఆయనకే వాపసు ఇచ్చేశారు. అమానత్‌లను వాటి హక్‌దార్లకు అప్పగించమనే సూరె నిసా 58వ ఆయత్ ఆ సందర్భంలోనే వచ్చిందని ముఫస్సిర్లు చాలామంది రాశారు. ఆ చాబీ ఈనాటికీ ఆ ఖాందాన్ దగ్గరే ఉంది.

బలం చేతిలో ఉన్నవాడు చాబీ వాపసు ఇవ్వడమే ఆ వాకియాలో అసలు సంగతి. మేం దాన్ని బడిలో బట్టీ పట్టాం. ఇంట్లో ఎవరి చాబీ ఎవరికి వాపసు ఇవ్వాలో ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

ఇతరుల ఇంట్లోకి ఇజాజత్ లేకుండా వెళ్లొద్దని సూరె నూర్ చెప్తుంది. వెళ్లిపొమ్మంటే తిరిగి వెళ్లిపోవడమే పాకీజా అని చెప్తుంది. మూడుసార్లు అడిగి, జవాబు రాకపోతే తిరిగి పోవాలని హదీస్. ప్రవక్త ఎవరి ఇంటికి వెళ్లినా తలుపుకు ఎదురుగా నిలబడేవారు కాదట, కుడికో ఎడమకో జరిగి నిలబడేవారట. లోపలివాళ్లు ఎట్లా ఉన్నారో కంట పడకూడదని. చెల్లెలి ఇల్లు ‘ఇతరుల ఇల్లు’ కాదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఇషా తర్వాత మళ్లీ వాళ్లింటికి వెళ్లి బెల్ కొట్టాను. గుడియా తలుపు తీసింది. నా రింగులోంచి పాత చాబీ తీసి ఛోటీ చేతిలో పెట్టాను. పనికిరాని చాబీ వాపసు ఇవ్వడం ఏం గొప్ప అని మీరనొచ్చు. నిజమే. అయినా ఇచ్చాను. ఛోటీ ఏమీ అనలేదు. చాయ్ పెట్టింది.

పాత సిలిండర్ టేబుల్ మీద ఉంది. లోపల ఏముంటుందో చూస్తానంది గుడియా. వెనక ఉన్న చిన్న క్లిప్పు తీసి, చాబీ పెట్టి తిప్పి, లోపలి గొట్టాన్ని లాగాం. చిట్టి చిట్టి ఇత్తడి పిన్నులు, వెంట్రుకంత సన్నని స్ప్రింగులు ఎగిరి పడ్డాయి. ఒకటి ఫ్రిజ్ కిందికి పోయింది. ప్రతి రంధ్రంలో రెండేసి పిన్నులు, ఒకదాని మీద ఒకటి. కింది పిన్నులు ఒక్కోటి ఒక్కో పొడవు. చాబీ మీద పళ్లు ఆ పొడవులకు సరిపోతే ప్రతి జంటా సరిగ్గా ఒకే గీత దగ్గర విడిపోతుంది, గొట్టం తిరుగుతుంది. ఒక్క పిన్ను ఆ గీతను దాటినా, అందుకోలేకపోయినా తిరగదు. ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాల్లోనూ ఇదే కిటుకు. దాన్ని ఇంత చిన్న ఇత్తడి ముక్కలోకి 1860లలో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ తెచ్చాడు. కింది పిన్నులు మార్చేసి అదే సిలిండర్‌కు కొత్త చాబీ కుదర్చడం కూడా ఒక పద్ధతి. మన దగ్గర ఆ పిన్నులు విడిగా దొరకడం కష్టం, సిలిండర్ మార్చడమే తేలిక.

గుడియా పిన్నుల్ని పొడవు వారీగా పేర్చింది. తలెత్తకుండా అడిగింది.

“మామూ, అబ్బా చాబీతో ఇప్పుడు తలుపు రాదా?”

నేను ఛోటీ వైపు చూశాను.

“రాదు బేటా” అంది ఛోటీ. “అబ్బా వస్తే బెల్ కొడతారు. బెల్ కొడితే నువ్వే తీయి.”

“సరే” అంది గుడియా. మళ్లీ పిన్నుల్లో పడింది.

ఆదివారం ఆయన వచ్చారు. నేను లేను, ఛోటీ చెప్పింది. ముందు తాళంలో చాబీ కదిలిన చప్పుడు వినిపించిందట. ఒకసారి, రెండోసారి. లోపల ఈ ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తర్వాత చాలాసేపు ఖామోషీ. తర్వాత బెల్ మోగింది. గుడియా నాబ్ తిప్పి తలుపు తీసింది.

“తాళం మార్చినవా?” అన్నారట ఆయన.

“హౌ” అందట ఛోటీ.

అంతే. గుడియాని పార్కుకు తీసుకెళ్లి, చెప్పిన టైముకు తెచ్చి దింపారు. అప్పుడు కూడా బెల్ కొట్టారు.

అందరి కథా ఇంత తేలిగ్గా తెమలదని నాకు తెలుసు. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉన్నా, అద్దెదైనా, కోర్టులో కేసు నడుస్తున్నా తాళం ముట్టుకునే ముందు వకీలును అడగండి. అద్దె ఇల్లైతే ఓనరుకు చెప్పి, పాత సిలిండర్ దాచి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి ఇవ్వండి. తాళం రెండు వైపులా తెగే కత్తి. రాత్రికి రాత్రి తాళం మార్చి కోడలిని పిల్లలతో సహా గల్లీలో నిలబెట్టిన ఖబర్లు నేను ఎన్ని రాశానో. అట్లాంటి ఆడవాళ్లకు ఆ ఇంట్లో ఉండే హక్కును 2005 గృహహింస చట్టం ఇచ్చింది. మనిషి బెదిరిస్తున్నా, వెంటపడుతున్నా తాళం ఒక్కటే సరిపోదు. 181కి ఫోన్ చేయండి.

మొన్న సాయంత్రం ఛోటీ ఇంటికి వెళ్లాను. బెల్ కొట్టి తలుపుకు ఎడమవైపు జరిగి నిలబడ్డాను. లోపల కుక్కర్ విజిల్, గుడియా సబఖ్ చదువుతున్న గొంతు. రెండోసారి కొట్టాను. “ఆయీ భాయ్” అని కేక వినిపించింది. పిండి చేతులతో ఉందేమో, ఆలస్యమైంది. నేనే అని ఎట్లా తెలిసిందని అడిగాను.

“బెల్ కొట్టి పక్కకు జరిగేది నువ్వొక్కడివే భాయ్. పీప్ హోల్‌లో ఎవ్వరూ కనపడకపోతే నువ్వే అనుకుంట” అంది.